కచేరీ అయ్యాక బస ఎక్కడ?



సంగీత చరిత్ర అనగానే పాటలూ, రికార్డులూ, బిరుదులూ చెప్పుకుంటాం. ఊరూరా తిరిగి పాడిన మా మాస్టారి పేరిట జరిగే ఈ సభలో నేను అంతకన్నా చిన్న సంగతి ఎత్తుకుంటాను. కచేరీ అయ్యాక కళాకారుడు ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు? ఆయనకు ఇది చిన్న సంగతిగా తోచదనే నా నమ్మకం.

నేను చెప్పేది అమెరికా నల్లజాతి కళాకారుల గురించి. అక్కడ 1896 నాటి ప్లెసీ కేసులో, నల్లవాళ్లను వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలన్న వాదాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దక్షిణాదిలో రైలుపెట్టె, హోటలు, మంచినీళ్ల కుళాయి అన్నీ రంగును బట్టి వేరయ్యాయి. సమానం మాత్రం కాలేదు.

1930లలో జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం అటు వెళ్లేటప్పుడు పుల్‌మన్ రైలుపెట్టెలు అద్దెకు తీసుకునేది. పడుకోవడానికి రెండు, సామానుకు ఒకటి. స్టేషన్‌లో పక్క పట్టాల మీద వాటిని నిలిపేవారు. తిండి, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. చూసేవాళ్లకు అది రాజభోగం. నాకైతే, ఏ గుమ్మం ముందూ కాదనిపించుకోకుండా ఉండేందుకు చెల్లించిన మూల్యమనిపిస్తుంది.

అంత డబ్బు లేనివాళ్లకు బస్సే గతి. మిసిసిపీలోని పైనీ వుడ్స్ బడిలో పుట్టిన ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ అనే ఆడవాళ్ల బృందం బస్సులోనే వండుకుని బస్సులోనే నిద్రపోయేది. తరవాత కొందరు తెల్లమ్మాయిలూ అందులో చేరారు. నల్లవాళ్లతో కలిసి తిరిగితే అరెస్టు చేస్తారు గనక, శాక్సఫోన్ వాయించే రోజ్ క్రాన్ ముఖానికి ముదురు రంగు పూసుకునేది. అయినా ఎల్ పాసోలో ఓసారి పోలీసులకు చిక్కి జైలు పాలైంది.

హార్లెమ్‌లో ఉండే తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ఒక పుస్తకం మొదలుపెట్టాడు. నల్లవాళ్లను రానిచ్చే హోటళ్లు, క్షౌరశాలలు, పెట్రోలు బంకుల చిరునామాలు అందులో ఉండేవి. హోటలే లేని ఊళ్లలో గృహస్థులే గదులిచ్చేవారు. వాళ్ల పేర్లు ఏ రికార్డు అట్టమీదా కనబడవు.

ఇదంతా దక్షిణాది గొడవే అనుకోకండి. 1937లో ఉత్తరాదిన ఉన్న ప్రిన్స్‌టన్‌లో గాయని మరియన్ ఆండర్సన్ కచేరీ చేసినప్పుడు అక్కడి హోటలు గది ఇవ్వలేదు. ఐన్‌స్టీన్ తన ఇంటికి పిలుచుకున్నారు.

హాల్లోనూ మధ్యన తాడు కట్టి అటు తెల్లవాళ్లను, ఇటు నల్లవాళ్లను నిలబెట్టేవారు. నార్మన్ గ్రాంజ్ అనే తెల్ల నిర్వాహకుడు దీనికి ఒప్పుకోలేదు. శ్రోతలను రంగు చూసి వేరు చేయకూడదని ఒప్పందంలోనే రాయించేవాడు. 1955లో హ్యూస్టన్‌లో మరుగుదొడ్ల మీది బోర్డులు కూడా పీకించాడు. ఆ రాత్రి పోలీసులు జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ మేకప్ గదిలోకి జొరబడ్డారు. ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీ వాళ్లు అక్కడ పాచికలాడుతున్నారు. ఆమె ‘పై’ అనే తీపి వంటకం తింటోంది. జూదం పేరుతో అందరినీ స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడికి వెళ్లాక ఆమెను ఆటోగ్రాఫ్ అడిగారు. పూచీకత్తు కట్టి, వాళ్లు తిరిగొచ్చి రెండో కచేరీ చేశారు.

1964 పౌరహక్కుల చట్టంతో హోటళ్ల తలుపులు తెరుచుకున్నాయి. గ్రీన్ పుస్తకం అవసరమూ తీరింది. కాకపోతే నల్లవాళ్ల సొంత హోటళ్లకు గిరాకీ పడిపోయింది. ఎల్లింగ్టన్ దిగే లాస్ ఏంజెలిస్ డన్‌బర్ హోటలు కూడా కొన్నేళ్లకు మూతపడింది.