సర్రా క్రిమి గుట్టు

జోరీగలు ముసిరే రోజుల్లో గేదె జ్వరంతో చిక్కి, గుండ్రంగా తిరుగుతుంటే సర్రా అని అనుమానించాలి. నెత్తుటిలో ఈదే ఈ క్రిమికి ఆఫ్రికాలో దాయాది కలదు. శాస్త్రజ్ఞులు దాని గుట్టు లాగారు. ఎట్లాగంటారా? జన్యువు తన ఆజ్ఞను ఆర్‌.ఎన్‌.ఏ. అనే చీటీ మీద పంపుతుంది. ఆ చీటీకి జంటపేటల నకలు లోపల పెడితే, క్రిమి తన చీటీని తానే చింపుకుంటుంది! 1998లో ఇలా ఒక చీటీ చింపించగా, సన్నని క్రిమి లావెక్కి గుండ్రబడింది. ఆకారం నిలిపే మాంసకృత్తు అందలేదన్నమాట. 2012లో దాదాపు అన్ని జన్యువులనూ క్రిమికొకటి చొప్పున అణచి, సర్రాకూ వాడిన సురామిన్ మందులో పెంచారు. మందును లోనికి చేర్చే జన్యువులు అణగినవి బ్రతికాయి. అరకొర మోతాదు పడితే మన గేదెలోనూ మొండివే మిగలవచ్చు. నెత్తురు పరీక్ష చేయించి, బరువునుబట్టి పూర్తి మోతాదు వేయమని పశువైద్యుని అడగండి.