గాలివానకు గృహస్థుని జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన ఊరికి విజ్ఞానము పంచిపెట్టుచున్న ఈ గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు శుభవేళ, నన్నును నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించినారు. నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రులందు ఈ బీరువాలలోని భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. కావ్యవిషయమేదైన ముచ్చటింపుమని మిత్రులు కోరినారు గాని, నేనెన్నుకొన్న విషయము వేరు. ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకు తూర్పు ఆకాశము నల్లబడినచో గుండె చిక్కబట్టుకొను వారము మనము. అట్టి మన ఇండ్లు గాలివానకును, దాని వెంట వచ్చు చీకటి దినములకును తక్కువ ఖర్చుతో ఎట్లు సిద్ధపడవలెనన్నదే నా విషయము.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ మీరెరుగనిది కాదు. చెరువు నీరు తోడివేయుట మొదలుపెట్టగనే దీర్ఘదర్శి కాలువ వెంట వేరొక మడుగునకు పోయినది. ప్రాప్తకాలజ్ఞుడు వలలో పడియు ఉపాయముతో బయటపడినది. దీర్ఘసూత్రుడు రేపు చూతమని కూర్చుండి ప్రాణము పోగొట్టుకొన్నది. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. దీర్ఘదర్శి దగ్గర సొమ్ము లేదు, బలము లేదు. ముందుగా చూచిన చూపు మాత్రమే దాని ఆస్తి. ముందుచూపునకు ధనవంతుడు కానక్కరలేదని చెప్పుటకే ఈ కథ తలచినాను.

మన పర్చూరు సీమ 1970 వరకు గుంటూరు జిల్లాలో నుండెను. పిదప ప్రకాశము జిల్లాలో చేరెను. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లా పేరు మారినది గాని గాలి దారి మారలేదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించినారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయినారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారమునకు చేరువగా మరియొక ప్రచండమైన తుపాను తీరము దాటినది. అప్పుడు మృతుల సంఖ్య వేయికి లోబడియే యుండెను. గాలి బలము తగ్గినందున కాదు. హెచ్చరిక ముందుగా అందినది, జనమును ముందుగా తరలించినారు. పొరుగున ఒడిశాలోను ఇదే పాఠము. 1999లో అచ్చట సుమారు పదివేల ప్రాణములు పోగా, 2013లో ఫైలిన్ తుపానుకు ముందు దాదాపు పది లక్షల మందిని తరలించుటచే ప్రాణనష్టము వందకు లోపున నిలిచినది.

కావున ప్రాణములు కాపాడు విద్యను ప్రభుత్వమును, ప్రజలును చాలవరకు నేర్చినారు. తరువాతి వారము గడుపు విద్య మాత్రము ఇంటింట నేర్వవలసి యున్నది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల చేరువనే తీరము దాటినది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపానును బాపట్ల దాపుననే దాటినది. సముద్రపు ఉప్పెన మన మెట్టకు రాదు. గాలి వచ్చును, వాన వచ్చును, నల్లమడ, పర్చూరు వాగులు పొంగును, కరెంటు పోవును. 2014లో హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖపట్టణమంతటి మహానగరమే దినముల తరబడి చీకటిలో నుండెను. ఇక పల్లెల మాట చెప్పనేల?

కరెంటు వచ్చుట ఎందుకు ఆలస్యమగునో తెలిసికొన్నచో ఓపిక కలుగును. పెద్ద లైను నుండి సబ్‌స్టేషనునకు, అచ్చటి నుండి పదకొండువేల వోల్టుల తీగపై ట్రాన్స్‌ఫార్మరునకు, దాని నుండి మన ఇంటికి విద్యుత్తు వచ్చును. పై మెట్టు బాగుపడక క్రింది మెట్టు బాగుపడదు. మన నల్లరేగడి నానినచో మెత్తబడి స్తంభమును పట్టి ఉంచలేదు. అట్లు ఒరిగిన స్తంభములను ఒక్కొక్కటిగా నిలుపవలెను. ఆసుపత్రులు, నీటి పథకములు ముందు; వీధులు తరువాత; పొలము మోటార్లు చివర. ఈ క్రమము న్యాయమైనదే. కాని ఆ దినములు మనమే గడుపుకొనవలెను.

ఎన్ని దినములు? భాగవతమున ఇంద్రుడు రాళ్లవాన కురిపించినప్పుడు గోపకులు గోవర్ధనగిరి క్రింద ఏడు దినములుండిరి. ఆ ఏడే మనకును లెక్కగా పెట్టుకొందము. మనకు కొండనెత్తు కృష్ణుడు రాకపోవచ్చును. ఏడు దినముల సంభారము మాత్రము మన చేతిలోనిదే.

ఇక లెక్కలోనికి వచ్చెదను. జమాఖర్చులో ముందు జమ వ్రాయుట ఆచారము. ఇంట ఇదివరకే యున్న దేమి?

మొదటిది నీరు. కరెంటు లేనిచో మోటారు లేదు. మోటారు లేనిచో మిద్దె మీది ట్యాంకు వట్టి అలంకారము. మంచినీళ్ల ప్లాంటును మూతపడును. త్రాగుటకు, వంటకు కలిపి మనిషికి దినమునకు అయిదు లీటర్లు వేసికొనుడు. అయిదుగురున్న ఇంటికి ఏడు దినములకు 175 లీటర్లు. శుభ్రమైన 200 లీటర్ల డ్రమ్మొకటి, లేదా ఇంటిలోని బిందెలు, క్యానులు అన్నియు కలిసిన చాలును. హెచ్చరిక వచ్చిననాడే నింపి మూతపెట్టుడు. స్నానమునకు, పశువులకు వాననీరే పట్టవచ్చును. పది చదరపు మీటర్ల పట్టాపై పది సెంటీమీటర్ల వాన కురిసినచో వేయి లీటర్ల నీరు దొరకును. వీధి చేతిపంపును తుపాను నెలలకు ముందే బాగుచేయించుట పంచాయతీకి గుర్తుచేయుడు. కరెంటు లేనినాడు అదియే ఊరికి దిక్కు. వరద తరువాత త్రాగునీటిని కాచి చల్లార్చి త్రాగవలెను, లేదా ఆశా కార్యకర్త ఇచ్చు క్లోరిన్ బిళ్లలు ఆమె చెప్పిన కొలతతో వేయవలెను.

ఇచ్చట ఒక్క మాట గట్టిగా చెప్పెదను. మనది పురుగుమందుల సీమ. మందు డబ్బా ఎన్నిమార్లు కడిగినను అది నీళ్లపాత్ర కాదు. గాలివాననాటి తొందరలో చేతికందిన డబ్బాలో నీరు పట్టి పిల్లలకు పోసినచో, తుపాను చేయని హత్య మన చేతులే చేయును. మందు సీసాలను నేలపై నుంచక, వరదనీరు అందని ఎత్తున, తాళము వేసి ఉంచుడు.

రెండవది వెలుతురు. చౌకదుకాణములో కిరసనాయిలు ఇచ్చిన దినములు గతించినవి. కాని ప్రత్తి, మిరప రైతు ఇంట బ్యాటరీ స్ప్రేయరు సాధారణముగా నుండును. దానిలోనిది 12 వోల్టులు, 8 ఆంపియర్-గంటల బ్యాటరీ యైనచో, హెచ్చవేయగా 96 వాట్-గంటలు. బ్యాటరీ చెడకుండ సగమే వాడుదము: 48. అయిదు వాట్ల డీసీ బల్బు దానిపై తొమ్మిది గంటలకు పైగా వెలుగును. రాత్రికి రెండు గంటల వంతున నాలుగు రాత్రులు. మెకానిక్కు చేత బయటికొక ప్లగ్గు పెట్టించుకొని, మందు అంటిన పెట్టెను కడిగి, తుపానుకు ముందురోజు నిండుగా ఛార్జి చేయుడు. ఫోనులకు ట్రాక్టరు బ్యాటరీ యున్నది. వీధికొక ట్రాక్టరు ఇంజను ఆరుబయట కాసేపు నడిపినచో పది ఇండ్ల ఫోనులు బ్రతుకును. జనరేటరు గాని ఇంజను గాని మూసిన గదిలో నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

దీపపు మాటలోనే మన సీమకు ప్రత్యేకమైన అపాయమొకటి కలదు. తుపాను నెలలును, ప్రత్తి తీతలును ఒకే కాలమున వచ్చును. ధర కొఱకు వేచి ప్రత్తిని నట్టింట కుప్పపోసికొందుము. ఆ గదిలో కొవ్వొత్తి గాని, నూనెదీపము గాని వెలిగించుట చితి పేర్చుకొనుటతో సమానము. ప్రత్తి యున్న చోట బ్యాటరీ దీపమే. వేరు గదిలో కొవ్వొత్తి పెట్టినను నీళ్లు పోసిన పళ్లెములో నిలుపుడు. ప్రత్తి బోరెములను, ఎండుమిరప టిక్కీలను చెక్కలపై ఎత్తిపెట్టుడు. తడిసిన మిరప బూజుపట్టి, తినువారికి విషము, అమ్మువానికి నష్టము.

మూడవది ఆహారము. గోంగూర పచ్చడి, కారము, చింతపండు, బెల్లము, వేరుసెనగ, అటుకులు, మరమరాలు: ఇవి మన అమ్మలక్కలు తుపాను పేరు తలపకయే దాచు సంభారములు. కరెంటు పొయ్యి ఆ వారము పనికిరాదు. గ్యాసు నిండుకొన్నను, ఎండిన ప్రత్తికట్టె కొంత కప్పు క్రింద దాచినచో అన్నము ఉడుకును.

నాలుగవది కాగితములు. ఇది నా వృత్తికి సంబంధించినది గనుక కొంచెము నొక్కి చెప్పెదను. పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, ఆధారు, బీమా పత్రములు, కౌలుదారులైనచో సాగు హక్కు పత్రము, ఇవన్నియు ఒక మందపు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచుడు. పంట నూటికి 33 పాళ్లు, లేక అంతకు మించి పోయినప్పుడే పెట్టుబడి సహాయమునకు అర్హత. ఈ-క్రాప్‌లో పేరు లేని పంట కండ్లకు కనబడినను లెక్కకు కనబడదు. కావున విత్తిన కొలది దినములలోనే నమోదు చూచుకొనుడు.

ఇంతవరకు జమ. ఇక ఖర్చు. మన బజారు ధరలతో సుమారుగా చెప్పుచున్నాను. ఛార్జి నిలుపుకొను ఎల్‌ఈడీ బల్బులు రెండు, 700 రూపాయలు. డీసీ బల్బు, 100. బ్యాటరీకి తగిలించు ఫోను ఛార్జరు, 150. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, 100. రేడియోకు సెల్స్, 100. ఓ.ఆర్.ఎస్. పొట్లములు, 100. ప్లాస్టిక్ సంచులు, 50. నైలాను త్రాడు, 200. వెరసి 1,500 రూపాయలు. నెలకు 125 వంతున సంక్రాంతి నుండి ముక్కోటి వరకు కొన్నను, ఎవ్వరికిని బరువు కాదు. తుపాను రేపనగా దుకాణమునకు పరుగెత్తినచో ఆ ధరయు దొరకదు, ఆ వస్తువును దొరకదు. ఓ.ఆర్.ఎస్. లేనిచో లీటరు కాచిన నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపినను పనికివచ్చును.

హెచ్చరికల క్రమమును తెలిసికొనదగినదే. వాతావరణ శాఖవారు సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరము దాటు చోటును, దాటిన పిదప స్థితిని తెల్పుదురు. తొలి సూచననాడు కొమ్మలు నరికి, రేకులు బిగింపుడు. అప్రమత్తతనాడు నీరు, ఛార్జి. హెచ్చరికనాడు నెలలు నిండిన గర్భిణిని ఆసుపత్రి చేరువకు చేర్చుడు. పూరియిండ్లవారిని బడికి తరలింపుడు. పశువులను గుంజకు కట్టి వదలరాదు. పలుపు విప్పినచో అవి తమ దారి తాము చూచుకొనును. గాలి ముదిరినంతనే మెయిన్ స్విచ్చి ఆపుడు. నడుమ గాలి ఒక్కసారిగా ఆగినచో తుపాను పోయినదని వీధిలోనికి రావలదు. అది తుపాను కన్ను. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కు నుండి మరల విరుచుకొనిపడును.

తరువాత, తెగిన తీగ ఏదియైనను అందు విద్యుత్తున్నదనియే భావించి దూరముగా నుండి 1912కు తెలుపుడు. ఇన్సులిను వాడువారు, మట్టికుండలో తడి ఇసుక పోసి దాని నడుమ చిన్న కుండ పెట్టి, అందులో సీసాను తడి తగులకుండ సంచిలో కట్టి ఉంచినచో చల్లదనము నిలుచును. పాము కరచినచో మంత్రములకు పోక 108కి ఫోను చేయుడు.

ఒక్క పద్దు మిగిలినది. ప్రత్తి తీయుటకు, మిరప కోయుటకు కర్నూలు వైపు నుండి కుటుంబములు పిల్లలతో వచ్చి మన పొలము గట్లపై గుడారములు వేసికొందురు. వారికి ఇల్లు లేదు, డ్రమ్ము లేదు, ఇచ్చటి ఓటరు జాబితాలో పేరును లేదు. తుపాను మాత్రము వారిని విడువదు. వారిని పిలిపించుకొన్న రైతు, హెచ్చరిక వచ్చిననాడే వారిని పక్కా కప్పు క్రిందికి తేవలెను. మన జమాఖర్చులో వారి పేరు లేనిచో, అంకెలు ఎంత సరిపోయినను ఆ లెక్క తప్పు లెక్కయే.

ఈ పని మొదలుపెట్టుటకు గ్రంథాలయము కంటె తగిన చోటు లేదు. చదువువచ్చిన యువకులు వీధికిద్దరు చొప్పున పేర్లు ఇచ్చి, వృద్ధులు, గర్భిణులు, రోగులు, వలస కూలీలు ఏయే చోట్ల నున్నారో ఒక చిట్టా వ్రాసి ఇచ్చట ఉంచవలెను. హెచ్చరికను గోడపలక మీద వ్రాసి, చదువరాని వారికి చదివి వినిపింపవలెను. ఇందుకు నిధి అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక పెన్సిలు చాలును. ఆ చిట్టా వ్రాయు పని నాకు అప్పగించినచో సంతోషముతో చేయుదును.