పేరూ బేరమూ: నడిగడ్డ నుంచి నల్లమల దాకా మన సరుకుకు మార్కెట్లో చోటెక్కడ?

(సురవరం ప్రతాపరెడ్డి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



సురవరం వారిని తలుచుకునే సభల్లో సాహిత్యం గురించో చరిత్ర గురించో మాట్లాడడం రివాజు. నేను మార్కెట్ గురించి మాట్లాడబోతున్నాను. దానికి కారణం ఉంది. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు ఇవాళ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1952లో ఆయన శాసనసభకు ఎన్నికైంది వనపర్తి నుంచి. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాసినప్పుడు ఆయన నాలుగు ఘాటు మాటలతో సరిపెట్టలేదు. 1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చి గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. దాంతో చదువరుల మనసులో తెలంగాణ స్థానమే మారింది. ఆ తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో వెతికారు. జనాన్ని విడివిడిగా గమనించడం, గమనించినవాళ్ళ మనసులో మనకంటూ ఒక చోటు సంపాదించడం: మార్కెటింగ్ శాస్త్రం సెగ్మెంటేషన్, పొజిషనింగ్ అని పేర్లు పెట్టి బోధించేది ఈ రెండు పనులనే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల సరుకును ముందు పెట్టుకొని ఈ రెండూ ఎందుకు కలిసి నడవాలో చెప్పడమే నా ప్రయత్నం.

1. రెండు ఆలోచనలు ఎలా కలిశాయి

1956లో వెండెల్ స్మిత్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాశారు. సరుకును ఇతరుల సరుకు కంటే వేరుగా తయారుచేయడం ఒక దారి, కొనేవాళ్ళను అవసరాల వారీగా విడదీసి ఒక్కో గుంపుకు తగిన సరుకు ఇవ్వడం ఇంకో దారి అని అందులో విడమరిచారు. 1981లో అల్ రీస్, జాక్ ట్రౌట్ రాసిన పుస్తకం పొజిషనింగ్ అనే మాటను ప్రపంచమంతా తిప్పింది. పోటీ జరిగేది దుకాణం అరల మీద కాదు, కొనేవాడి బుర్రలో అని వాళ్ళ వాదన. అంతకు ఏడాది ముందు, 1980లో, మైకేల్ పోర్టర్ పోటీలో నెగ్గడానికి మూడు మార్గాలు చెప్పారు: అందరికంటే తక్కువ ఖర్చుతో చేయడం, అందరికంటే భిన్నంగా చేయడం, చిన్న గుంపును ఎంచుకొని దాని మీదే గురిపెట్టడం. ఏదీ తేల్చుకోకుండా నడిమధ్యలో ఇరుక్కున్నవాడు నష్టపోతాడని హెచ్చరించారు.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ బట్టల సబ్బుపొడి. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టినప్పుడు సర్ఫ్ కొనలేని ఇళ్ళను విడిగా చూశాడు. ఆ ఇళ్ళకు తగిన ధర పెట్టాడు. సర్ఫ్ తయారుచేసే కంపెనీ తర్వాత రెండు పనులు చేసింది. లలితాజీ అనే గృహిణి పాత్రను టీవీ ప్రకటనలోకి తెచ్చి, చవకా మంచిదీ ఒకటి కాదని చెప్పించి సర్ఫ్ స్థానాన్ని కాపాడుకుంది. తక్కువ ధర కోరే ఇళ్ళ కోసం వీల్ అనే వేరే పేరు దింపింది. రెండు గుంపులకు రెండు పేర్లు. సర్ఫ్ పేరునే చవక చేసి ఉంటే పై గుంపూ పోయేది, కింది గుంపూ పూర్తిగా దక్కేది కాదు.

2. గద్వాల చీర ఏ చోట నిలబడింది

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. గద్వాల చీరకు బలం ఎక్కడిదో తెలియాలంటే మగ్గం దగ్గర కూర్చోవాలి. బాడీ నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. పేకలో మూడు నాడెలు ఆడతాయి. బాడీకి ఒకటి, రెండు అంచులకు రెండు. బాడీ నాడె పోగు అంచు దాకా వెళ్ళి అంచు పోగుతో మెలిక పడి వెనక్కి రావాలి. ప్రతి వరుసకూ, రెండు పక్కలా ఇదే. అందుకే నేసేవాడి పక్కన సాయానికి ఇంకో మనిషి ఉంటుంది. చాలా ఇళ్ళలో ఆ మనిషి భార్యో కూతురో. కుప్పడం నేత అనేది దీన్నే. అంచు మీద గోపురాల్లా పైకి లేచే కోటకొమ్మ ఈ మెలికల్లోంచే పుడుతుంది. కొంగు దగ్గరికొచ్చాక నూలు పడుగు స్థానంలో పట్టు పడుగును పోగుపోగునా అతకాలి. ఆ రోజంతా మగ్గం చప్పుడు వినిపించదు, వేళ్ళు మాత్రమే కదులుతాయి.

ఇంత శ్రమ ఎవరి కోసం? నోములు, వ్రతాలు, పెళ్ళిళ్ళు మన దగ్గర ఎండాకాలంలోనూ వస్తాయి. పొయ్యి దగ్గర నిలబడి వండాలి, పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి, వచ్చినవాళ్ళ ముందు మర్యాదగా కనిపించాలి. ఒంటికి నూలు హాయి, చూపుకు పట్టు గౌరవం. ఈ రెండూ ఒకే చీరలో కావాలనుకునే స్త్రీ గద్వాల చీరకు అసలు కొనుగోలుదారు. సెగ్మెంట్ ఆమె. పొజిషన్ ఆమె మనసులో ఈ చీరకున్న చోటు. రెండూ ఒకదానిలో ఒకటి మెలికపడి ఉన్నాయి కనుకే ప్రకటనలు లేని రోజుల్లోనూ ఈ పేరు నిలిచింది.

ఈ పేరు నిలవడానికి ఇంకో ఆధారం తిరుమల. గద్వాల సంస్థానం తరఫున శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు సమర్పించే ఆచారం ఈనాటికీ సాగుతోంది. నియమనిష్ఠలతో 41 రోజులు మగ్గం మీద కూర్చుని వాటిని నేస్తారు. నేతగాళ్ళను సంస్థానం కాశీకి పంపి పనితనం నేర్పించిందని కూడా గద్వాలలో చెప్పుకుంటారు. దేవుడికి పంపే బట్ట నేసే ఊరు అన్న నమ్మకం కొనేవారి మనసులో ఉంది. ఈ నమ్మకాన్ని ఏ ప్రకటనల కంపెనీ డబ్బుకు తయారుచేయలేదు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే నారాయణపేట చీర కూడా ఉంది. గళ్ళ నేత, తేలిక బరువు, అందుబాటు ధర. గద్వాల చీర పండుగకు, నారాయణపేట చీర నిత్యానికి. రెండిటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి, ఒకదాని అన్నం ఒకటి లాక్కోవడం లేదు. ఎవరి గుంపు వాళ్ళకుంది కనుక.

3. ఒకే పేరు కింద ఎన్ని చీరలు?

చిక్కు తర్వాత మొదలైంది. గద్వాల బజారులో ఏ దుకాణంలోనైనా అరగంట కూర్చోండి. ఒకామె వచ్చి, “అన్నా, వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలె, నూలుదే చూపించు” అంటుంది. వెనకాలే వచ్చిన కుటుంబానికి పెళ్ళికూతురి కోసం పూర్తి పట్టు కావాలి. ఇంకొకామె టీచర్, రోజూ బడికి కట్టుకోవడానికి పట్టూ నూలూ కలిపి నేసిన తేలికపాటి సీకో అడుగుతుంది. మరొకాయనకు పెళ్ళిలో బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలు ఇరవై కావాలి, ధర దాటకూడదు. ఫోన్‌లో వీడియో కాల్ మీద అమెరికాలో ఉన్న కూతురికి రంగులు చూపించే తల్లి ఇంకో పక్క. దుకాణదారు అందరికీ చూపించేది గద్వాల చీరే. అయిదుగురి అవసరాలు అయిదు, పేరు మాత్రం ఒకటి.

ఇక్కడే సెగ్మెంటేషన్ ఒంటరిగా నడిస్తే ఏమవుతుందో తెలుస్తుంది. ప్రతి గుంపు వెంటా పరుగెత్తితే చీర స్థానం చెదురుతుంది. పూర్తి పట్టు చీర దగ్గరికొచ్చేసరికి పెళ్ళివారి నాలుక మీద ముందు ఆడే పేర్లు కంచి, ధర్మవరం. అక్కడ గద్వాల పరాయి నేల మీద పోట్లాడాలి. పట్టు నేయవద్దని నేననను. ఈ పేరుకు ప్రాణం మాత్రం నూలు బాడీ, పట్టు అంచు అని మరిచిపోకూడదు. పెట్టుబడి చీరల గుంపు కోసం ధర దించుకుంటూ పోతే చివరికి ఎదురయ్యేది పవర్‌లూమ్. ధర మీద మరతో గెలిచిన చెయ్యి లేదు. వీల్‌లాగా ఆ గుంపుకు వేరే పేరు పెట్టుకోవాలి, గద్వాల పేరును కరిగించి ఇవ్వకూడదు.

పొజిషనింగ్ ఒంటరిగా నడిచినా నష్టమే. మాకు ముద్ర ఉంది, ఇక కొనేవాళ్ళే వెతుక్కుంటూ వస్తారని కూర్చోవడం ఆ నష్టంలో భాగం. పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది. చేనేతకు 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. 2015 ఆగస్టు 7న ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ వచ్చింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ఊరి పేరుకు రక్షణ ఇస్తోంది. ఈ ముద్రలన్నీ చీర ఎక్కడ పుట్టిందో, దేనితో పుట్టిందో చెబుతాయి. ఎవరి కోసం పుట్టిందో మాత్రం మనమే చెప్పాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ముప్పై ఏళ్ళ అమ్మాయికి గద్వాల చీర అమ్మమ్మ పెట్టెలో ఉండే బట్టగానే తెలిస్తే, ముద్ర ఎంత పెద్దదైనా ఆమె చెయ్యి దాని మీద పడదు.

ఆమెకు చెప్పడానికి మన దగ్గర మాట ఉంది, చూపడానికి రుజువూ ఉంది. చీరను తిరగేసి అంచు, బాడీ కలిసేచోట వేలు పెట్టి మెలిక చూపించండి. పక్కన మరనేత నకలు పెట్టండి. రెండు నిమిషాల్లో ఆమెకు తేడా అర్థమవుతుంది, ధర ఎందుకు ఎక్కువో కూడా అర్థమవుతుంది.

4. మన చేతి కష్టం, ఇంకొకరి పేరు

చీరకు కనీసం ఊరి పేరైనా దక్కింది. మిగతా సరుకు సంగతి చూడండి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ విత్తన పత్తికి పేరుమోసిన ప్రాంతం. సాయంత్రం మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దుతారు. ఈ క్రాసింగ్ పనిలో ఎక్కువమంది ఆడకూలీలే. ఇంత నాజూకైన పని చేసేది మన పొలాల్లో. విత్తనం సంచి మీద ఉండేది కంపెనీ పేరు. రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. కంపెనీ ఏ రైతు గుంపుకు ఏ రకం అమ్మాలో లెక్క వేసుకుంటుంది. పండించిన రైతుకు ఆ లెక్కలో చోటు లేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో యాసంగి పల్లి పండుతుంది. మార్కెట్ యార్డులో అన్ని రకాల కాయా కుప్పగానే పడుతుంది. కొనేవాళ్ళు మాత్రం ఒక్కరు కారు. నూనె మిల్లుకు నూనె శాతం కావాలి. విత్తన వ్యాపారికి మొలక కావాలి. చిక్కీలు, వేపుడు పల్లీలు చేసేవాడికి గింజ సైజు, రుచి కావాలి. ఎగుమతిదారుడికి అన్నిటికంటే ముందు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం లేకుండా ఉండాలి. తేమ 8 శాతం ప్రాంతానికి దిగేదాకా కాయ ఆరబెట్టి, పుచ్చులు ఏరి, వేరుగా నిల్వ చేస్తే ఈ నాలుగో గుంపు తలుపు తెరుచుకుంటుంది. కుప్పగా పోసిన పల్లికి కుప్ప ధరే వస్తుంది. గుంపుల వారీగా ఏరిన పల్లి పక్కన, బాగా ఆరబెట్టినది, బూజులేనిది అనే ఒక్క మాట నిలబెడితే అది పేరవుతుంది.

కొల్లాపూర్ మామిడి కథ ఇంకో రకం. నల్లమల అంచున కాసే ఆ పండు మేలైనదే. తోటల్లో ఎక్కువగా ఉన్న రకం బంగినపల్లి. 2017లో ఆ రకానికి వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆంధ్రప్రదేశ్‌ది. కనుక రకం పేరుతో పోటీకి దిగితే మనం వెనకవరసలో నిలబడాలి. తోట నుంచి నేరుగా, మందు వేయకుండా మాగబెట్టి హైదరాబాద్ ఇళ్ళకు పెట్టెల్లో చేర్చితే కొల్లాపూర్ పేరుకు సొంత చోటు దొరుకుతుంది. కార్బైడ్ భయంతో మామిడి కొనడానికి జంకే తల్లిదండ్రులు ఆ గుంపు.

5. చేయవలసిన పని

ఈ రెండు సూత్రాలను సహకార సంఘాలూ ఉత్పత్తిదారుల కంపెనీలూ ఎలా కలిపి వాడాలి? వరుసగా చెబుతాను. ముందు కొనేవాళ్ళ జాబితా రాయాలి, వయసుల వారీగా కాదు, అవసరాల వారీగా: ఏ సందర్భానికి కొంటున్నారు, దేనికి భయపడుతున్నారు, ఇప్పుడు మన బదులు ఏం కొంటున్నారు. తర్వాత మనం అందరికంటే బాగా తీర్చగల ఒక్క అవసరాన్ని ఎంచుకోవాలి. ఆ అవసరానికి జవాబుగా ఒకే మాట అనుకొని దాన్ని చీర మడతలో, సంచి మీద, ఫోన్‌లో, దుకాణంలో ఒకేలా చెప్పాలి. ఆ మాటకు రుజువు చేతిలో ఉండాలి. ఆ గుంపులో లేనివాళ్ళకు ఆ పేరుతో అమ్మకూడదు. ఈ చివరి మెట్టే అన్నిటికంటే కష్టం. ఇంటికొచ్చిన బేరాన్ని వదులుకోవడం మనకు అలవాటు లేదు.

ఇంకొక్క మాట. పేరు వల్ల వచ్చే లాభం మగ్గం దాకా చేరకపోతే నాడె పట్టే పిల్లలు మిగలరు. పక్కన సాయం కూర్చునే మనిషి లేకపోతే కుప్పడం లేదు, కుప్పడం లేకపోతే గద్వాల చీర అనే మాటకు అర్థం లేదు. కనుక నేతన్న కూలి పెంచడం దయతో చేసే పని కాదు, బ్రాండును కాపాడే ఖర్చు. అమరచింతలో నేతకారులే సభ్యులుగా కంపెనీ పెట్టుకోవడాన్ని నేను ఈ కోణంలోనే మెచ్చుకుంటాను. రాజోలి, అయిజ, కొత్తకోటల్లోనూ అలాంటి ప్రయత్నాలు నిలబడాలి.

కామర్స్ విద్యార్థులకు నా విన్నపం. మీ ప్రాజెక్టు రిపోర్టుల్లో దూరదేశపు కూల్‌డ్రింక్ కంపెనీల గురించి రాసింది చాలు. ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక మగ్గాన్నో, ఒక పల్లి రైతునో, ఒక మామిడి తోటనో ఎంచుకోండి. ఆ సరుకు ఎవరి కోసమో కొనేవాళ్ళ నోటనే విని రాయండి. రాసింది ఇంగ్లీషులో ఫైలు కట్టి అటక మీద పెట్టకుండా, తెలుగులో ఆ నేతన్నకు, ఆ రైతుకు చదివి వినిపించండి.