పిల్లలకు చూపదగిన చిత్రము



ఇటీవల చూచిన చిత్రములలో పిల్లలకు చూపదగినది ఏదని కార్యదర్శిగారు అడిగిరి. 1957 నాటి ‘మాయాబజార్’ అని నా సమాధానము. పాతదే, గతవారము మరల చూచితిని. 2010లో రంగులద్దిన ప్రతి కంటె మార్కస్ బార్ట్‌లీ చిత్రించిన నలుపుతెలుపు ప్రతియే మేలు. ఆ వెన్నెల పడవకు రంగు లేకున్న లోటేమి?

పింగళివారి ‘తసమదీయులు’ వినగానే పెద్దలము నవ్వితిమి. కన్నడ బడిలో చదువుచున్న మనుమరాలు మాత్రము నవ్వలేదు. 1956లో మైసూరు రాష్ట్రమున చేరిన మన బీదరులో పిల్లలకు తెలుగు ఇంటిమాటయే గదా! చిత్రము ఆపి, ‘అస్మదీయులు’ అనగా మనవారనియు, ఎదుటివారికై రెండవ మాటను రచయిత కల్పించెననియు చెప్పితిని. అప్పుడు నవ్వినది, మరునాడు ఇరుగుపొరుగు పిల్లలకు ఆ పేరే పెట్టినది.

కావున పిల్లల ప్రక్కన కూర్చుండి చూడుడు. ‘మల్లీశ్వరి’ మరి రెండేండ్లు ఆగవచ్చును. దేవులపల్లివారి మాట మధురమే గాని, కథ నడక నిదానము.