పిడికెడు బియ్యం

(స్వర్ణోత్సవ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ గుర్తుగా ఒక పల్లెటూరి బడికి సాయం చేయాలని మన సంఘం తలపెట్టింది. బెంచీలు ఇద్దామా, కంప్యూటర్లు ఇద్దామా అని కార్యవర్గంలో చాలా చర్చ జరిగింది. ఏమి ఇవ్వాలన్నది ఎలాగూ తేలుతుంది. ఎలా ఇవ్వాలన్నదే నన్ను ఆలోచింపజేసింది. మన కృష్ణా తీరంలో ఈ పని మనకంటే ముందు చేసినవారున్నారు. వారు క్రైస్తవ మిషనరీలు. వారి అనుభవం నుంచి మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మచిలీపట్నంలో దిగారు. 1843లో నోబుల్ అక్కడ పెట్టిన బడే తరువాత నోబుల్ కళాశాల అయింది. అయితే అది పట్నం బడి. ఎక్కువగా పై కులాల పిల్లలే చదివేవారు. ఊరి చివర గూడేనికి అక్షరం చేరడానికి మరికొంత కాలం పట్టింది.

దాన్ని చేర్చిన ఘనతలో సగం దొరలది కాదు. బెజవాడ ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. ఆయన తనంతట తానే వెతుక్కుంటూ వెళ్ళి డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరువాత చుట్టుపక్కల పల్లెలు తిరిగి తనవాళ్ళకు చెప్పుకున్నదీ ఆయనే. అలా కొత్తగా చేరిన గూడేలకు పంతులు కావలసి వచ్చాడు. ఒక పాక, ఒక పలక, ఒక పంతులు: బడి అంటే అంతే. అడిగిన చోట పెట్టిన బడి కాబట్టి అది నిలిచింది. ఇది మొదటి సంగతి.

"మతం మార్చడానికే కదా ఇవన్నీ చేశారు?" అని అడిగేవారు ఈ సభలోనూ ఉండవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వారు మత ప్రచారానికే వచ్చారు, ఆ మాట దాచుకోలేదు కూడా. ఆ ప్రశ్న వారిలోనే ఒకరిని ఎలా నిలదీసిందో వినండి.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని మహా కరువు కాల్చింది. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడు భూముల సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మన కొమ్మమూరు కాలువతో కలిసి, బెజవాడ పడవలను చెన్నపట్నం దాకా చేర్చిన కాలువ అదే. ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చాడు, పనికి కూలి ఇచ్చాడు. కానీ కరువు సాయం సాగినంతకాలం, అడిగినా సరే, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మతంతో మనకు ఏకీభావం ఉన్నా లేకపోయినా, ఆకలిగొన్నవాడి చేత దేనికీ ఒప్పించకూడదన్న ఆ నియమానికి నేను తల వంచుతాను. ఇది రెండో సంగతి.

మూడోది మా ఇంటి సంగతి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య గారు తమిళుడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తరువాత మన కృష్ణా తీరమూ ఆయన అధ్యక్షతలోకి వచ్చింది. ఎంత పేదవాడైనా తన సంఘానికి తాను ఇవ్వాలని ఆయన గట్టిగా చెప్పేవారు. ఆ అలవాటు మా నాయనమ్మ దాకా వచ్చింది. ఎసట్లో పోసే ముందు చేటలోంచి పిడికెడు బియ్యం తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. పగలు పశువుల వెంట పోయే పిల్లలకు రాత్రి లాంతరు పెట్టి చదువు చెప్పే పంతులు గారికి అందులోంచే కొంత వెళ్ళేది.

"మనకే చాలవు కదా నాయనమ్మా?" అన్నాను ఒకసారి.

"పంతులు గారు పస్తుంటే నీకు అక్షరాలు ఎవరు దిద్దిస్తార్రా?" అంది.

ఆమెకు చదువు రాదు. కానీ ఆ బడి ఆమెది. ఎవరో పెట్టిన బడి కాదు.

అందుకని కార్యవర్గానికి నా మనవి. ముందు ఆ ఊరికి వెళ్ళి, ఏమి కావాలో అక్కడి తల్లిదండ్రులను, పంతులు గారిని అడుగుదాం. ఇచ్చినదానికి బదులుగా ఏమీ కోరవద్దు, గోడ మీద మన పేర్లు కూడా వద్దు. మనం లక్ష ఇస్తే, ఆ ఊరి వాళ్ళను వాళ్ళ పిడికెడు వేయమందాం. ఆ పిడికెడు చిన్నదని వద్దనకండి. నేను ఈరోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నది దాని పుణ్యమే.

సెలవు.