నిద్రపోతున్న దుంపకు నీళ్ళు పోయకండి
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మొక్కల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఒక్క మొక్క గురించే చెబుతాను. ప్రపంచంలో అరుదైనది. అయినా మన కందకు దగ్గర చుట్టం.

ముందు మా కంద సంగతి. మా పెరట్లో పాత సిమెంటు తొట్టిలో కంద పెంచింది నా శ్రీమతి. కంద బచ్చలి కూరకు దుంప బజారులో కొనేవాళ్ళం కాదు. ఆమె కాలం చేసిన ఏడాది, చలికాలంలో, ఆకు పసుపుబారి కాడ నేలకు వాలిపోయింది. నా అశ్రద్ధ వల్లే అనుకున్నాను. రెండు పూటలా నీళ్ళు పోశాను. నెల తర్వాత తవ్వి చూస్తే దుంప కుళ్ళి చేతికి మెత్తగా తగిలింది. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు.

రెండేళ్ళ తర్వాత అమెరికాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. అక్కడొక విశ్వవిద్యాలయం గాజు ఇంట్లో పెద్ద పువ్వు విచ్చిందని, రాత్రిపూట పిల్లలతో సహా తీసుకెళ్ళారు. గుమ్మంలోనే ఎలుక చచ్చిన వాసన. మా మనవడు ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం మా పెరడు గుర్తొచ్చింది. కంద పూసినప్పుడూ ఇదే వాసన!

దాని పేరు అమార్ఫోఫాలస్ టైటానమ్. సొంత ఊరు ఇండోనేషియాలోని సుమత్రా అడవులు. 1878లో బెక్కారి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దాన్ని లోకానికి తెలిపాడు. 1889లో లండన్ క్యూ తోటలో పూసింది. పువ్వు మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. మధ్య కంకి మన ఒంటి వేడికి దగ్గరగా వేడెక్కి, వాసనను దూరం పంపుతుంది. కుళ్ళిన మాంసమనుకుని పురుగులు, ఈగలు వస్తాయి. ఇంతా చేసి ఒకటి రెండు రోజుల వైభవమే. మొదట ఆడపూలు సిద్ధమవుతాయి, ఆ తర్వాతే మగపూల పుప్పొడి రాలుతుంది. అందుకే ఇంకో మొక్క పుప్పొడి కావాలి. తోటలవాళ్ళు దాన్ని గడ్డకట్టించి దాచి, ఒకరికొకరు పంపుకుంటారు. అడవులు నరికివేయడంతో 2018లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు.

అక్కడి తోటమాలి పెద్దాయనను పెంపకం గురించి అడిగాను. వెచ్చదనం, గాలిలో తేమ, నీరు నిలవని గుల్ల మట్టి కావాలన్నాడు. విత్తు నుంచి మొదటి పువ్వుకు ఏడు నుంచి పదేళ్ళు పడుతుందట. అంతవరకు ఏడాదికో, ఏడాదిన్నరకో ఒక్కటే ఆకు. అది చెట్టంత పెరిగి, దుంపకు తిండి కూడబెట్టి, వాడిపోతుంది. తర్వాత దుంప కొన్ని నెలలు నిద్రపోతుంది. "కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడే దాన్ని చంపేస్తారు. జాలిపడి నీళ్ళు పోస్తారు" అన్నాడు. నేను తల దించుకున్నాను.

మనం ఏటా లైఫ్ సర్టిఫికేటు ఇస్తాం, బతికే ఉన్నామని. పాపం దుంప ఇవ్వలేదు. మనమే నమ్మాలి. అనుమానమొస్తే వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే.

తిరిగొచ్చాక వేసవి చివర్లో అదే తొట్టిలో అరకిలో కంద ముక్క నాటాను. అడుగున రంధ్రాలు తెరిచి, ఇసుక, పాత పశువుల ఎరువు కలిపాను. వానలకు గొడుగులాంటి ఆకు వచ్చింది. చలికాలంలో వాలిపోయింది. ఈసారి నీళ్ళు ఆపేశాను. మా కోడలు "మామయ్యగారూ, అది చచ్చిపోయింది, తొట్టి ఖాళీ చేయించనా?" అంది. "ఉండనీ అమ్మా" అన్నాను. తొలకరికి ముందే మట్టి చీల్చుకుని వేలంత మొలక లేచింది. కోడలే ముందు చూసి నన్ను కేకేసి పిలిచింది.

ఆ సుమత్రా మొక్కను మనం పెంచలేకపోవచ్చు. దాని చుట్టాన్ని పెంచగలం. పెరట్లో ఒక కంద నాటండి. వాడిన ఆకును చూసి తొందరపడి తవ్వకండి, కంగారుపడి తడపకండి.