పానశాలల వెంట ఒక సాయంకాలం

మద్యపానాన్ని గురించి ఆకాశవాణిలో ప్రసంగం ఉన్నదంటే, సాధారణంగా ఒక వైద్యుడో, ఒక సంఘసేవకుడో మైక్రోఫోను ముందు కూర్చుంటారు. నేను వైద్యుడను కాను. సంస్కర్తను అంతకంటె కాను. కోనసీమలో, రాజోలుకు కొద్దిదూరంలో ఉన్న ఒక పల్లెలో పుట్టి పెరిగినవాడను. బుద్ధి తెలిసిననాటినుంచి మద్యం ముట్టి ఎరుగను. అటువంటి నేను రెండేళ్ళ క్రిందట జూన్ నెలలో, ఐర్లండు రాజధాని అయిన డబ్లిన్ నగరంలో, రుసుము చెల్లించి మరీ, ఒక్క సాయంకాలంలో నాలుగు పానశాలలు వరుసగా చూచి వచ్చినాను. ఆ సంగతి మీకు విన్నవించడానికే ఈ ప్రసంగం. ఇందులో మా ఇంటి సంగతి కూడ కొంత ఉన్నది. అది చెప్పడానికి మా అక్కయ్య అనుమతి తీసుకున్నాను.

మా మేనల్లుడు డబ్లిన్‌లో ఒక కంప్యూటరు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాడు. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరాలు. నేను సెలవుపెట్టి అతనిని చూడబోతున్నానని తెలిసి అక్కయ్య ఆత్రేయపురం పూతరేకులు, కొబ్బరిలౌజు, ఆవకాయ సీసా పెట్టెలో సర్ది ఇచ్చినది. పెట్టె మూత వేసిన తరువాత గడపదాకా వచ్చి, గొంతు తగ్గించి, "వాడు ఏదైనా అలవాటు పడ్డాడేమో చూచి రారా తమ్ముడూ" అన్నది. ఏ అలవాటో ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు. మా ఇంట్లో దానికి పేరు లేదు.

డబ్లిన్ చేరిన మూడవనాడు మేనల్లుడే ప్రస్తావన తెచ్చినాడు. "మావయ్యా, ఇక్కడ ఇద్దరు నటులు, రచయితలు తిరిగిన పబ్బులన్నీ చూపిస్తూ, వాళ్ళ కథలు చెపుతూ, నాటకాలలో ఘట్టాలు అభినయిస్తూ ఊరంతా నడిపిస్తారు. మీకు సాహిత్యం ఇష్టం గదా, వస్తారా?" అని అడిగినాడు. వస్తానన్నాను. నిజం చెప్పవలెనంటే, నన్ను బయలుదేరదీసినది సాహిత్యం కాదు. అక్కయ్య అప్పగించిన పని.

పబ్ అనే మాట 'పబ్లిక్ హౌస్' అనే మాటకు పొట్టిరూపం. పదిమందీ వచ్చి కూర్చునే ఇల్లు అని అర్థం. ఒక పబ్బు నుంచి మరొక పబ్బుకు సాగే సంచారాన్ని వారు 'క్రాల్' అంటారు, అనగా పాకడం. బయలుదేరేటప్పుడు రెండు కాళ్ళమీద నడిచినా, చివరకు నాలుగు కాళ్ళమీద పాకవలసి వస్తుందని కాబోలు ఆ పేరు! అయితే మేము వెళ్ళినది ఆ జాతిది కాదు. 1988 నుంచి అక్కడ నడుస్తూ ఉన్న సాహిత్య సంచారం అది. ఒక్కొక్క చోట ఇరవై నిమిషాలు ఆగుతారు. తాగేవాడు తాగవచ్చును, తాగనివాడు ఊరక కూర్చుండవచ్చును. నీ గ్లాసులో ఏమున్నదని అడిగేవారు లేరు.

డ్యూక్ వీథిలో 'ది డ్యూక్' అనే పానశాల మేడమీద రాత్రి ఏడున్నర గంటలకు సంచారం ఆరంభమైనది. రాత్రి అన్నానే గాని, జూన్ మాసంలో ఆ దేశాన దాదాపు పది గంటలవరకు సూర్యుడు అస్తమించడు. మేము ముప్ఫైమందిమి ఉన్నాము. నటులు ఇద్దరూ పాతటోపీలు పెట్టుకొని శామ్యూల్ బెకెట్ నాటకంలోని ఒక ఘట్టం అభినయించినారు. రాని మనిషికోసం ఇద్దరు బాటసారులు ఎదురుచూడడమే ఆ నాటకం. తరువాత ట్రినిటీ కళాశాల ఆవరణకు నడిపించినారు. 1882లో ఆస్కార్ వైల్డ్ అమెరికాకు ఉపన్యాసయాత్ర వెళ్ళి, కొలరాడోలోని ఒక వెండిగనిలోకి దిగి, గనికార్మికులతో కలిసి విస్కీతో విందారగించిన కథ అక్కడి రాతిమెట్లమీద నిలబడి చెప్పినారు. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' నవలలో కథానాయకుడు 1904 జూన్ 16వ తేదీ మధ్యాహ్నం జున్నుతో రొట్టె తిని, ఒక్క గ్లాసు ద్రాక్షసారా త్రాగిన పబ్బు కూడ ఆ డ్యూక్ వీథిలోనే ఉన్నది.

రెండవ పబ్బులో అడుగుపెట్టినప్పుడు నా మేనల్లుడు నా ప్రక్కకు వచ్చి నిలబడినాడు. "మావయ్యా, మీకు నారింజరసం తెస్తాను. నేను ఒక గ్లాసు నల్లబీరు తీసుకుంటాను. మీరు వద్దంటే మానుకుంటాను. అంతేగాని మీకు తెలియకుండ మాత్రం తీసుకోను" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. మా ఇళ్ళలో పిల్లలు పెద్దల ఎదుట ఈ మాట అనరు. చాటున చేస్తారు, మేము చూడనట్లు ఉంటాము. అది మర్యాద అనుకుంటాము. చివరకు "తెచ్చుకో నాయనా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైనదో అతనికి తెలియకపోలేదు.

ఆ నల్లబీరు కథ కూడ విచిత్రమైనదే. 1759లో ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన ఆ ఊరిలో బట్టీ పెట్టడానికి ఒక స్థలాన్ని ఏడాదికి 45 పౌనుల చొప్పున 9,000 సంవత్సరాలకు కౌలు వ్రాయించుకున్నాడు. అందులో సారం నూటికి నాలుగు పాళ్ళకు కొంచెం పైన. మన తాటికల్లు, కొబ్బరికల్లు తెల్లవారగట్ల దింపినప్పుడు తియ్యగా ఉండి, పొద్దెక్కిన కొద్దీ పులిసి ఇంచుమించు ఆ పాటి మత్తుకే వస్తుంది. పబ్బును చూచినప్పుడు నాకు కాలువగట్టున ఉండే కల్లుపాక జ్ఞాపకం వచ్చినది. గీతకార్మికుడు మోకు భుజాన వేసుకొని వచ్చి లొట్టి దింపగానే, పొలంనుంచి వచ్చినవారు చెట్టుక్రింద గుండ్రంగా కూర్చుండి, ఊరి సంగతులన్నీ బహిరంగంగా మాట్లాడుకునేవారు. పరువుగల ఇళ్ళవారు ఆ పాక ఛాయలకు పోరు. వారి త్రాగుడు వేరు. దానికి దీపం ఉండదు, తోడు ఉండదు, ఇక చాలు అనే మనిషీ ఉండడు.

పబ్బులో అంతా మంచే అని నేను చెప్పబోవడం లేదు. అక్కడ 'రౌండు' అనే ఆచారం ఒకటి ఉన్నది. అయిదుగురు స్నేహితులు కూర్చుంటే, ఒక్కొక్కడు తన వంతుకు అయిదుగురికీ గ్లాసులు తెప్పించవలెను. కనుక దాహం ఒక గ్లాసుదే అయినా, మొగమాటం అయిదు గ్లాసులు త్రాగిస్తుంది. మా బల్లదగ్గర కూర్చున్న ఒక స్కాట్లండు పెద్దమనిషి నా మేనల్లుడికి రెండవ గ్లాసు తెప్పించబోయినాడు. "నాకు ఒకటే లెక్కండీ" అని ఇతడు నవ్వుతూ చెప్పి సోడా తెచ్చుకున్నాడు. ఆయన నొచ్చుకోలేదు.

మూడవచోట నటుడు, "ఎవరెవరు ఏ దేశం నుంచి వచ్చినారు?" అని అడిగినాడు. ఆంధ్రదేశం అన్నాను. అతనికి తెలియలేదు. అప్పుడు నేను ఒక కథ చెప్పినాను. 1904 జూన్‌లో జాయిస్‌కు ఉండడానికి ఇల్లు లేనప్పుడు కొద్దిరోజులు చోటిచ్చినది జేమ్స్ కజిన్స్ అనే కవి. ఆ దంపతులు శాకాహారులు. ఆ తిండి జాయిస్‌కు సరిపడలేదు. ఆ కజిన్స్ దంపతులే 1915లో ఇండియాకు వచ్చి, తరువాత మన మదనపల్లెలో స్థిరపడినారు. ఆయన అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షులైనారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె వచ్చి, 'జనగణమన' పాడి, దానిని అక్కడనే ఆంగ్లంలోకి అనువదించినారు. ఆ పాట వరుసను స్వరలిపిలో వ్రాసినది శ్రీమతి మార్గరెట్ కజిన్స్. ఇది విని ఆ నటుడు తన టోపీ తీసి, మదనపల్లె పేరు అతికష్టంమీద పలికి, అందరిచేత గ్లాసులు ఎత్తించినాడు. నా నారింజరసం కూడ వాటితోపాటు లేచినది.

ఆ తరువాత అతడు బ్రెండన్ బీహన్ అనే నాటకకర్తను గురించి చెప్పినాడు. ఆ ఊరి పబ్బులన్నీ తనవే అన్నట్లు తిరిగినవాడు. త్రాగుతూ చెప్పిన చమత్కారాలకు లెక్కలేదు. అందరూ పడిపడి నవ్వినారు. నవ్వు ఆగేవరకు ఉండి, "1964లో ఆయన చనిపోయినాడు. అప్పటికి 41 సంవత్సరాలు. మద్యమే తీసుకొనిపోయినది" అన్నాడు నటుడు. ఒక నిమిషంపాటు ఎవరూ గ్లాసు ముట్టలేదు.

ఆ నిశ్శబ్దంలో నేను నా మేనల్లుడి ముఖం వైపు చూడలేకపోయినాను.

మా బావగారు పోయినప్పుడు ఆయన వయస్సు 42 సంవత్సరాలు. నెమ్మదస్థుడు, చదువుకున్నవాడు, పదెకరాల కొబ్బరితోటకు యజమాని. చీకటిపడగానే తోటలోని మోటారుషెడ్డుకు వెళ్ళేవారు. "తోటకు నీళ్ళు పెట్టించడానికి వెళ్ళారు" అని మేము అనేవారము. మరునాటి ఉదయం లేవలేకపోతే "ఒంట్లో నలతగా ఉన్నది" అనేవారము. కాలేయం చెడి చనిపోతే ఊరందరికీ "కామెర్లు" అని చెప్పినాము. దినకర్మల ఉత్తరంలో "స్వల్ప అస్వస్థతతో" అని వ్రాసినది నేనే. అంతకు ఆరునెలలముందు ఒక సాయంకాలం ఆయనతో అరుగుమీద గంటసేపు కూర్చున్నాను. అంతా తెలిసిఉండి, కొబ్బరికాయల ధర గురించి మాట్లాడి లేచి వచ్చినాను.

సంచారం ముగిసిన తరువాత లిఫీ నది ఒడ్డున ఇంటికి నడుచుకుంటూ వస్తున్నాము. మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నగారి సంగతి నాకు తెలియదనుకుంటున్నారా మావయ్యా? ప్రొద్దున్నే షెడ్డులో సీసాలు ఏరి కాలువలో పారవేసినవాడిని నేనే. నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరికంటా పడకూడదని నాకే తోచినది" అన్నాడు. కొంచెం ఆగి, "ఎవరైనా ఒక్కరు నాతో ఆ మాట ఎత్తితే బాగుండునని ఉండేది" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. తప్పు మాదే అన్నాను. తరువాత, పదిహేనేళ్ళనుంచి అనవలసిన మాట అన్నాను: "నీవు నాతో చెప్పి తీసుకున్నావు, సంతోషం. కాని ఈ వ్యసనంలో వంశపారంపర్యానికి కొంత పాలు ఉన్నదని వైద్యులంటారు. స్కాట్లండు ఆయనకు ఒక గ్లాసు ఎంతో, నీకు అంతే కాకపోవచ్చును. అది మరువకు." "అందుకే ఒకటి. అందుకే ఒంటరిగా ఎప్పుడూ కాదు. అయినా మీరు అడుగుతూ ఉండండి మావయ్యా" అన్నాడు.

మరునాడు ఓకానెల్ వీథిలో అతడు నాకు ఒక విగ్రహం చూపించినాడు. అది ఫాదర్ మాథ్యూ అనే మతాచార్యునిది. 1838లో కార్క్ నగరంలో మద్యవిసర్జనోద్యమం ఆరంభించి, లక్షలాది ప్రజలచేత ఇక ముట్టమని ప్రమాణం చేయించిన మహనీయుడు. పబ్బులకు పేరుపొందిన నగరం నడివీథిలో ఆయన విగ్రహం నిలిచి ఉన్నది. వారు త్రాగినదీ బహిరంగమే, మానుకున్నదీ బహిరంగమే.

మన చరిత్రలో కూడ ఈ సమస్యపై పోరాటాలకు కొదువ లేదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధం వివాదంమీద ఒక్క ఓటుతో పడిపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణంమీద తిరుగబడినారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది, 1997లో సడలిపోయినది. దుకాణం తెరవవలెనా, మూయవలెనా అని మనం బహుకాలంగా వాదించుకుంటున్నాము. అది అవసరమైన వాదమే. కాని దుకాణం తెరచినప్పుడూ, మూసినప్పుడూ కూడ మా ఇంట్లో నోళ్ళు మూసియే ఉన్నవి. దూబగుంట స్త్రీలు ముందు చేసినపని, మా ఇంట్లో ఈ బాధ ఉన్నదని ఒకరితో ఒకరు చెప్పుకోవడం. పరువుగల మా ఇంట ఆ పాటి ధైర్యం ఎవరికీ లేకపోయినది.

తిరిగివచ్చిన తరువాత అక్కయ్య కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నది. అడుగలేదు, చూస్తూ ఉన్నది. అబద్ధమాడడం సులభమే. "ఏమీ లేదక్కయ్యా" అంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది. "త్రాగుతాడు అక్కయ్యా. నేను చూచినది ఒక గ్లాసు. నన్ను అడిగి తీసుకున్నాడు" అని జరిగినదంతా చెప్పినాను. కాలువలో పారవేసిన సీసాల సంగతి కూడ చెప్పినాను. ఆమె చాలాసేపు కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ ఉండిపోయినది. తరువాత, "వాళ్ళ నాన్న త్రాగి పోయారురా" అన్నది. పదిహేనేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

ఆ రాత్రే ఆమె కొడుకుతో టెలిఫోనులో మాట్లాడినది. ఏమి మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం అడుగుతుంది: "ఈ వారం ఎన్నిరా?" అతడు చెపుతాడు. కొన్ని వారాలు ఒకటి. చాలా వారాలు ఏమీ లేదు. అది నిజమేనా అని మీరు అడుగవచ్చును. నిజమేనని నేను నమ్ముతున్నాను. అడిగేవారు ఒకరు ఉన్న ఇంట్లో నిజం చెప్పడం కొంత సులభం.